తెగేదాకా

తెగేదాకా లాగొద్దంటారు.
నాకు జీతమిచ్చింది తెగేదాకా లాగినందుకే.

సండర్లాండులో, వేర్ నది ఒడ్డున,
హెస్లప్ అండ్ సన్స్, ఇనుప మోకుల కార్ఖానా.
హెస్లప్‌కి కొడుకుల్లేరు. ముగ్గురూ ఆడపిల్లలే.
బోర్డు మీద నిండుగా ఉంటుందని రాయించాడట.
వెనక షెడ్డులో ముప్ఫయ్యొక్కేళ్లు
మోకుల్ని చంపే పని నాది.

ప్రతి చుట్ట కొస నుంచీ రెండు గజాల ముక్క కోసి పంపేవారు.
రెండు చివర్లూ పురి విప్పి, తీగల్ని చీపురులా పరిచి,
కరిగిన జింకు పోసి బిగించి
మీట నొక్కేవాణ్ణి.
ముందు నడుమనున్న నారకి చెమట పడుతుంది,
ఎప్పుడో తాగిన నూనెని బొట్టుబొట్టుగా కక్కుతుంది.
తర్వాత ఒక తీగ
టిక్కుమంటుంది, గోరు విరిగినట్టు.
తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు.
ఆ ఏమీ లేకపోవడాన్ని వినడమే అసలు పని.
యాభై టన్నులు. యాభై ఎనిమిది. అరవై ఒకటి.
పిడుగు!
పక్క వీధిలో మా అమ్మ కప్పులో టీ వణికేది.
"ఇంకోటి పోయింది" అనుకునేదట.

ముక్క పోతేనే దాని తోడబుట్టింది లోకంలోకి వెళ్లేది.
అంకె కాగితమెక్కాక
విన్నీ పర్విస్ కుంచె అందుకునేది.
ఆరు పేటల్లో ఒక్క పేటకి నీలం.
అదే మా పేరు.
అక్షరం ముక్క రాని గనికూలీ కూడా
పంజరం ఎక్కేముందు తలెత్తి చదువుకునే పేరు.

నీలమే ఎందుకంటే, కంపెనీ పుస్తకంలో
ఉత్తర సముద్రమనీ నమ్మకమనీ రాసుకున్నారు.
విన్నీ వాళ్ల నాన్న చెప్పిన మాట వేరు:
ఎవడో చేపల పడవవాడు డబ్బు కట్టలేక
వదిలేసిపోయిన పధ్నాలుగు డబ్బాల రంగు.
అవి అయిపోయాక, పేరొచ్చేసింది గనక
అదే రంగు కొనాల్సొచ్చింది.

యాభై తొమ్మిది, నవంబరు.
గనివాళ్లు తొందరపెడుతున్నారని
పరీక్షకి ముందే రంగు వేయించారు.
ముక్క నలభై తొమ్మిది దగ్గరే తెగింది.
పిడుగు కాదు, దగ్గు.
మేనేజర్ రిడ్లీ సూది వంక చూసి, గడియారం వంక చూసి,
"వాళ్లు పది టన్నులకి మించి ఎత్తరు. పంపెయ్" అన్నాడు.
నేను పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను.
నిజం చెప్పాలి కదా, నిలబడ్డానంతే.

విన్నీ ఏమీ అనలేదు.
కిరసనాయిలు డబ్బా, పాత గుడ్డలు తెచ్చుకుంది.
బోర్లించిన బకెట్టు మీద కూర్చుని,
పనినేర్చుకునే కుర్రాడి చేత ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకి తిప్పించుకుంటూ
గజం తర్వాత గజం తుడిచింది.
నా తెగిన ముక్కనీ వదల్లేదు.
తెల్లారేసరికి ఆమె మోచేతుల దాకా నీలం.
మోకు ఉంది. దానికి పేరు లేదు.
"ఇప్పుడు పంపుకోండి" అంది.
ఎవరూ పంపలేదు.
కిరసనాయిలు ఖరీదు మాత్రం
ఆ వారం ఆమె కూలిలో కోసుకున్నారు.

ఇప్పుడక్కడ తివాచీల దుకాణం.
పేరు రెండుసార్లు చేతులు మారింది.
ఆఖరికి కొన్నవాడు యంత్రాలొద్దన్నాడు, మనుషులొద్దన్నాడు,
నీలం ఒక్కటీ కొనుక్కున్నాడు.
ఎక్కడో ఏ దేశంలోనో పేనుతున్నారు మోకులు.
అక్కడా వెనక షెడ్డులో ఒకడు ఉండే ఉంటాడు.
ఉండాలి.

మ్యూజియంలో అద్దాల పెట్టెలో మా మోకు పెట్టారు.
తళతళలాడుతోంది.
తెగిన ముక్క ఒకటి పెట్టమంటే
"చూడ్డానికి బాగోదు తాతా" అందక్కడి అమ్మాయి.

అది మా పెరటి గుమ్మంలో ఉంది.
నది గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం.
నీలం లేదు దానికి.
మొన్న బూట్ల లేసు కట్టుకుంటూ వంగితే కనిపించింది,
రెండు పేటల సందున, గుడ్డ అందని చోట,
వెంట్రుక మందాన ఒక గీత.
విన్నీ లేదిప్పుడు.
ఉన్నా చెప్పేవాణ్ణి కాదు.